చేపల తొట్టెలో నీళ్ళు పచ్చబడితే: చెరువు పద్ధతిని తిరగేసి నీళ్ళు తేటపరచడం

మా నాన్నగారు ఆకివీడు దగ్గర చేపల చెరువు చేస్తారు. శీలావతి, బొచ్చె పిల్ల వేసే ముందు చెరువుకి నీళ్ళు పెట్టి, పేడ, సూపర్ ఫాస్ఫేటు వేసి, నీళ్ళకి కలరు వచ్చేదాకా ఎదురు చూస్తారు. నీళ్ళు లేత ఆకుపచ్చగా తిరిగాయంటే ఆ పూట ఆయన భోజనం హాయిగా చేస్తారు. సరిగ్గా అదే రంగు భీమవరంలో మా హాల్లో ఉన్న రెండడుగుల గాజు తొట్టెలో కనబడేసరికి నాకు కంగారు పుట్టింది. నీళ్ళు పాడైపోయాయనుకుని మొత్తం తోడిపోసి, గులకరాళ్ళు కడిగి, కొళాయి నీళ్ళు నింపాను. నాలుగో రోజుకి మళ్ళీ పచ్చబడ్డాయి. మళ్ళీ కడిగాను. పది రోజుల్లో మూడుసార్లు కడిగాక, మూడోసారి మర్నాడు పొద్దున్నే రెండు గోల్డ్ ఫిష్‌లూ పక్కకి వాలి తేలి ఉన్నాయి. మా బాబు వాటికి పేర్లు పెట్టుకున్నాడు. వాడికి ఏం చెప్పాలో తెలియలేదు.

ఆ ఆదివారం నాన్నగారు వచ్చి తొట్టె ముందు కాసేపు కూర్చున్నారు. "నీళ్ళు చెడలేదమ్మా, బలిశాయి. మేం చెరువుకి డబ్బు పోసి తెప్పించేది నీకు ఊరికే వచ్చింది. మేం చేసేదంతా తిరగేసి చెయ్యి, పోతుంది" అన్నారు. ఎరువు వేస్తారు, ఎండ తగలనిస్తారు, నీళ్ళు కదలకుండా ఉంచుతారు. తిరగేస్తే ఎరువు తగ్గాలి, వెలుతురు తగ్గాలి, పాత నీళ్ళు కొంచెం కొంచెంగా మారాలి. అప్పటినుంచి మా తొట్టెలోనూ, చుట్టుపక్కల ఓ నాలుగైదు ఇళ్ళలోనూ ఈ పద్ధతే చేస్తూ వచ్చాను. గోదావరి జిల్లాల నీళ్ళకి, ఎండలకి, కరెంటు కోతలకి సరిపడేలా ఆ వరస అంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు గ్లాసులో పట్టి చూడండి

తొట్టె గాజు బయటినుంచి చూసి ఏదీ తేల్చకండి. గాజుకి పట్టిన పాచి కూడా నీళ్ళు పచ్చగా ఉన్నట్టే చూపిస్తుంది. తెల్లటి గాజు గ్లాసు ఒకటి తీసుకుని తొట్టె మధ్యలోంచి నీళ్ళు ముంచి, వెనకాల తెల్లకాగితం పెట్టి పగటి వెలుతురులో చూడండి. అలాగే మూతపెట్టి ఒక రోజు కదపకుండా ఉంచి మళ్ళీ చూడండి.

లేత పెసరరంగులో ఉండి, మర్నాటికి కూడా అలాగే ఉంటే అది సూక్ష్మ నాచు. క్లోరెల్లాలాంటి ఒంటికణం జీవులు నీళ్ళంతా పరుచుకుని ఉంటాయి. వాటి సైజు 2 నుంచి 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్క. అందుకే ఫిల్టరు స్పాంజిలోంచి నేరుగా జారిపోతాయి. ఫిల్టరు ఎంత కడిగినా పచ్చదనం తగ్గకపోవడానికి కారణం ఇదే, మీ ఫిల్టరు చెడిపోయి కాదు.

బియ్యం కడిగిన కుడితిలా తెల్లగా మసకగా ఉంటే అది బాక్టీరియా. దానికి వైద్యం వేరు, కిందన చెప్తాను. గ్లాసు అడుగున సన్నటి మట్టి పేరుకుని పైన తేటపడితే అది ఒండ్రు, నీళ్ళతోనే వచ్చింది. టీ డికాషన్ లాగా ఉండి తేటగానే ఉంటే తొట్టెలో పెట్టిన మొద్దులోంచో బాదం ఆకులోంచో దిగిన రంగు, చేపలకి దానివల్ల హాని లేదు.

గ్లాసులో నీళ్ళు పచ్చగా ఉండి, దానితో పాటు కొంచెం తెల్లటి మసక కూడా ఉంటే, నాచూ బాక్టీరియా రెండూ కలిసి వచ్చాయన్నమాట. అప్పుడు తెలుపు సంగతి ముందు చూడాలి.

ఈ రాత్రికే చెయ్యాల్సింది

మిగతావన్నీ రేపు చూసుకోవచ్చు గానీ గాలి మాత్రం ఈ రాత్రికే పెట్టాలి. నాచు పగలు వెలుతురులో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి చేపలతో పాటు తనూ పీల్చుకుంటుంది. చెరువు చేసేవాళ్ళందరికీ ఇది తెలిసిన భయం: తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకి డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆ వేళకి తిప్పేది అందుకే. హాల్లో తొట్టెకీ అదే గడియారం. పైగా వేడి నీళ్ళు ఆక్సిజన్‌ని తక్కువ పట్టుకుంటాయి. 25 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 8.2 మిల్లీగ్రాములు పడితే 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. మే నెలలో మన ఇళ్ళలో తొట్టె నీళ్ళు అంతకన్నా వేడెక్కుతాయి.

ఎయిర్ పంపు రాత్రంతా ఆడనివ్వండి. చప్పుడుకి నిద్ర పట్టట్లేదని చాలామంది పడుకునే ముందు ఆపేస్తారు, చేపలకి అది అవసరమైన వేళ సరిగ్గా అదే. పంపు కింద పాత టవలు మడిచి పెడితే చప్పుడు సగం తగ్గుతుంది. కరెంటు పోతుందన్న భయం ఉంటే బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి కొనిపెట్టుకోండి, ఇన్వర్టరు ఉంటే దానికి కలపండి. అదీ లేని రాత్రి మగ్గుతో నీళ్ళు తీసి అడుగు ఎత్తునుంచి తిరిగి పోస్తూ ఉండాలి. నేను ఒక తుఫాను రాత్రి గంటకోసారి లేచి అలాగే చేశాను, ఒక్క చేపా పోలేదు.

ఇంకో సంగతి. పచ్చనీళ్ళలో సాయంత్రానికి పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరుగుతుంది, ఎందుకంటే నాచు పగలంతా నీళ్ళలోని కార్బన్ డై ఆక్సైడ్ లాగేసుకుంటుంది. పీహెచ్ పెరిగితే అమ్మోనియా విషం పెరుగుతుంది. 30 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. 8కి చేరితే ఏడు వంతులు దాటుతుంది. 9కి చేరితే దాదాపు సగం. అందుకని నీళ్ళు మార్చే పని పొద్దున్నే చెయ్యండి, మేత సాయంత్రానికి వాయిదా వెయ్యకుండా పగటిపూటే ముగించండి.

చెయ్యకూడనివి

మొత్తం నీళ్ళు తోడిపొయ్యకండి. నేను చేసిన తప్పు అదే, మూడుసార్లు. ఎండా ఎరువూ దొరికితే ఈ నాచు ఒక్క రోజులో రెట్టింపు కాగలదు. సగం నీళ్ళు తీసినా మర్నాటికి మొదటికే వస్తుంది. మొత్తం తీసినా గులకరాళ్ళ సందుల్లో మిగిలిన కాసిని చాలు. ఈలోపు మీరు పోగొట్టేది గులకరాళ్ళమీదా స్పాంజిలోనూ ఇల్లు కట్టుకున్న మంచి బాక్టీరియాని. చేప విసర్జించే అమ్మోనియాని నైట్రైటుగా, ఆ నైట్రైటుని నైట్రేటుగా మార్చేది అదే. అది పోయాక అమ్మోనియా పేరుకుంటుంది, నాచుకి అమ్మోనియా కన్నా ఇష్టమైన తిండి లేదు. కడిగిన ప్రతిసారీ నేను నాచుకి భోజనం వడ్డించాను, చేపలకి విషం పెట్టాను.

స్పాంజిని కొళాయి కింద పిండకండి. అందులో క్లోరిన్ ఉంటుంది. తొట్టెలోంచి తీసిన నీళ్ళ బకెట్లోనే రెండుమూడుసార్లు నొక్కి వదిలితే చాలు.

మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) వద్దే వద్దు. చెరువుల్లో లెక్కకట్టి వాడతారు కాబట్టి తొట్టెలోనూ చిటికెడు వేస్తే పోతుందని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. 60 లీటర్ల నీళ్ళకి చిటికెడు అంటే ఎంతో కొలిచే సాధనం మన ఇళ్ళలో ఉండదు. నత్తలు, రొయ్యలు ముందు పోతాయి, నీళ్ళు మెత్తనివైతే, అంటే లవణాలు తక్కువుంటే, చేపలూ పోతాయి. నాకు ఒక దుకాణంలో పేరులేని సీసాలో నీలం మందు పోసి ఇచ్చారు, ఏమిటని అడిగితే "వెయ్యండి మేడమ్, తేటపడుతుంది" అన్నారు. పేరూ మోతాదూ రాసిలేని మందు ఏదీ తొట్టెలో పొయ్యకండి.

పటిక, చిల్లగింజ మన పెద్దవాళ్ళు కుండలో నీళ్ళు తేటపరచడానికి వాడినవే. అవి వాడింది ముఖ్యంగా మట్టిని అడుక్కి దించడానికి. పటిక పీహెచ్‌ని కిందికి లాగుతుంది, చేపలున్న తొట్టెలో వేస్తే మొప్పలు మండుతాయి.

బెల్లంలో పులియబెట్టిన ప్రోబయోటిక్ (మేలు చేసే బాక్టీరియా ఉన్న మందు) చెరువుల్లో బాగా పనిచేస్తుంది. అదే తొట్టెలో పోస్తే బెల్లం తిన్న బాక్టీరియా ఒక్క రాత్రిలో విజృంభించి ఆక్సిజన్ మింగేస్తుంది. పచ్చనీళ్ళు పోయి తెల్లనీళ్ళు వస్తాయి, చేపలు పైకి తేలతాయి.

జియోలైటు అనే ఖనిజం గురించి కూడా అడుగుతారు. మంచినీళ్ళ తొట్టెలో అది అమ్మోనియాని పట్టుకుంటుంది, చిన్న గుడ్డసంచిలో కట్టి ఫిల్టరులో పెట్టుకోవచ్చు. కానీ అది ఉన్నంతకాలం కళ్ళుప్పు వెయ్యకూడదు. ఉప్పు తగిలితే పట్టుకున్న అమ్మోనియానంతా తిరిగి నీళ్ళలోకి వదిలేస్తుంది.

తొట్టెలో నీళ్ళెన్ని?

పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళాల ఎత్తు తొట్టె దాదాపు 70 లీటర్లు. గులకరాళ్ళు, పైన వదిలిన ఖాళీ పోగా 60 లీటర్ల నీళ్ళుంటాయి. ఆ తొట్టెలో వేలెడు గోల్డ్ ఫిష్ రెండుకి మించి ఉంటే ఎన్ని తంటాలు పడినా నీళ్ళు పచ్చబడుతూనే ఉంటాయి. అవి తిన్నంతా విసర్జిస్తాయి, పెరిగితే ఆ రెంటికీ కూడా చాలదు. గప్పీలు, మోలీలు కాస్త ఎక్కువ పట్టచ్చు. పంగాసియస్ పిల్లని షార్క్ అని అమ్ముతారు, చెరువుల్లో కేజీలకి కేజీలు పెరిగే చేప అది, ఇంటి తొట్టెకి తెచ్చుకోకండి.

వెలుతురు తగ్గించడం

చెరువుగట్టున నిలబడి నాన్నగారు ఆకాశం చూసి మర్నాటి కలరు చెప్తారు. మూడు రోజులు మబ్బు పడితే నీళ్ళు పలచబడతాయి. తొట్టె కిటికీ పక్కన ఉంటే, వరండాలో తూర్పుముఖంగా ఉంటే, ముందు దాన్ని జరపాలి. జరపాలంటే సగం నీళ్ళు తీసి ఇద్దరు పట్టుకోవాలి, నిండు తొట్టెని కదిపితే అతుకులు విడిపోతాయి. జరపడం కుదరకపోతే కిటికీవైపు గాజుకి బయటినుంచి నల్ల చార్టు కాగితం అంటించండి. నేరుగా ఎండ పడకపోయినా, ఎదురింటి తెల్లగోడ మీద పడి వచ్చే వెలుగు కూడా చాలు నాచుకి.

తొట్టె లైటు రోజుకి ఆరు గంటలు. అంతకన్నా ఎక్కువ చేపలకి అక్కర్లేదు. చాలా ఇళ్ళలో పొద్దున్న పూజ వేళ వేసి రాత్రి సీరియళ్ళు అయ్యేదాకా ఉంచుతారు, అది పద్నాలుగు గంటలు. టైమరు ప్లగ్గు ఒకటి పెట్టి సాయంత్రం నాలుగునుంచి పది దాకా పెట్టుకుంటే ఇంట్లో అందరూ చూసే వేళకి తొట్టె వెలుగుతుంది.

మేత

చేపల మేతలో ఫాస్ఫరస్ ఉంటుంది, మాంసకృత్తుల్లోంచి నైట్రోజన్ వస్తుంది. చెరువులో సూపర్, యూరియా చేసే పనే ఇవి తొట్టెలో చేస్తాయి. రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. వారానికి ఒక రోజు ఉపవాసం. పచ్చదనం ఉన్నన్నాళ్ళూ రోజు విడిచి రోజు.

ఈ లెక్క తెలియక కాదు, ఇంట్లో ఎవరు వేశారో తెలియక చెడుతుంది. మా ఇంట్లో పొద్దున్న నేను వేసేదాన్ని, బళ్ళోంచి రాగానే బాబు వేసేవాడు, వచ్చిన చుట్టాల పిల్లలు ముచ్చటపడి గుప్పెళ్ళతో వేసేవారు, రాత్రి మా అత్తయ్యగారు "పాపం ఎదురు చూస్తున్నాయి" అని మళ్ళీ వేసేవారు. ఇప్పుడు పొద్దున్నే దగ్గుమందు సీసా మూతలో ఆ రోజు మేత కొలిచి తొట్టె మీద పెడతాను. డబ్బా బీరువాలో ఉంటుంది. మూత ఖాళీగా ఉందంటే వేశారని అర్థం. తొట్టె తేటపడటానికి నేను చేసినవాటన్నిట్లోకీ ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ మూతే.

అడుగున పడి మెత్తబడిన మేత గుళికలు, రెట్టలు సైఫన్ పైపుతో లాగెయ్యాలి. పైపు నోటిని గులకరాళ్ళలోకి అంగుళం లోతు గుచ్చి, గోధుమరంగు బురద పైకి లేచి పైపులోకి పోయేదాకా ఆపి, తర్వాత పక్కకి జరపండి. ఒకసారికి తొట్టె అడుగులో మూడో వంతు చాలు, మిగతాది వచ్చే వారం.

ఏ నీళ్ళు పొయ్యాలి

మన ప్రాంతంలో ఇదొక్కటే నిజంగా చిక్కుముడి. ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటినుంచి డెల్టాలో నీళ్ళంటే కాలువ నీళ్ళే. కాలువ ఏడాది పొడుగునా ఒక్కలా ఉండదు, కొళాయీ ఉండదు.

దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. అప్పటినుంచి మళ్ళీ వదిలేదాకా ఊళ్ళకి మంచినీళ్ళ చెరువుల్లో నిలవచేసిన నీళ్ళే దిక్కు. ఎండకి ఆ చెరువులే పచ్చబడతాయి. ఫిల్టరు బెడ్లు దాటి వచ్చినా, ఏప్రిల్, మే నెలల్లో కొళాయి నీళ్ళు తెల్ల బకెట్లో పట్టి చూస్తే లేత పచ్చ కనబడే రోజులుంటాయి. ఆ నీళ్ళే తొట్టెలో పోసి పచ్చదనం పోవాలంటే ఎలా పోతుంది? కాబట్టి నీళ్ళు మార్చే ముందు ప్రతిసారీ తెల్ల బకెట్ పరీక్ష చెయ్యండి. పచ్చ కనబడితే ఆ వారం ఆర్వో నీళ్ళ టిన్ను ఒకటి, కొళాయి నీళ్ళు ఒకటి సమంగా కలపండి. ఒట్టి ఆర్వో నీళ్ళు మాత్రం పొయ్యకండి. వాటిలో లవణాలు ఉండవు, పీహెచ్ నిలకడగా నిలబడదు, మోలీలు, గప్పీలు ముడుచుకుపోతాయి.

ఆషాఢం, శ్రావణాల్లో గోదారికి ఎర్రనీరు వస్తుంది. పులస కోసం నరసాపురం వైపు జనం ఎదురు చూసే రోజులవి. అప్పుడు కొళాయిలో వచ్చేది ఒండ్రు మసక. భయపడాల్సింది లేదు, డ్రమ్ములో పట్టి రెండు రోజులు కదపకుండా ఉంచి, పైనుంచి మూడొంతులు మాత్రమే తీసుకోండి. పాత పంచెను నాలుగు మడతలు వేసి వడకడితే ఇంకా మంచిది.

సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. మోలీలకి పరవాలేదు, మిగతావాటికి కొళాయి నీళ్ళు సగం కలపాలి. చెరువులున్న ఊళ్ళ పక్క బోర్లలో అమ్మోనియా కూడా ఉండచ్చు. భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో చెరువుల కోసం ఆక్వా ల్యాబులు ఉన్నాయి కదా, శుభ్రమైన సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళి పీహెచ్, అమ్మోనియా, ఆల్కలినిటీ చూపించుకోండి. తొట్టె కోసమని మొహమాటపడక్కర్లేదు.

కొళాయి నీళ్ళని వెడల్పు నోటి డ్రమ్ములో 24 గంటలు తెరిచి ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) వేస్తే ఇంకా త్వరగా పోతుంది. తొందరగా కావాలంటే యాంటీక్లోరిన్ చుక్కలు, సీసా మీద రాసిన లెక్కప్రకారం. డ్రమ్ము మాత్రం ఎండలో పెట్టకండి. డాబామీద తెల్ల డ్రమ్ములో నీళ్ళు పెట్టి మూడో రోజుకి అవే పచ్చబడితే ఆశ్చర్యపోయినవాళ్ళని చూశాను. నీడలో, రంగు డ్రమ్ములో, పైన పలచటి గుడ్డ కట్టి ఉంచండి, దోమలు కూడా గుడ్లు పెట్టవు.

ఎన్ని మార్చాలంటే, మూడు రోజులకోసారి పావు వంతు. 60 లీటర్లకి 15 లీటర్లు, అంటే ఒక బకెట్. చెయ్యి పెట్టి చూస్తే పాత నీళ్ళూ కొత్త నీళ్ళూ ఒకే వెచ్చదనంలో ఉండాలి.

నాలుగు రోజుల చీకటి

వెలుతురు, మేత, నీళ్ళు సరిచేశాక రెండు వారాలు ఆగండి. చాలా తొట్టెలు ఈపాటికే పలచబడతాయి. తగ్గకపోతే అప్పుడు చీకటి.

మొదటి రోజు పొద్దున్నే నీళ్ళు 40 శాతం మార్చి, అడుగు సైఫన్ చేసి, స్పాంజి తీసిన నీళ్ళలో పిండి, ఎయిర్ స్టోన్ తిరుగుతోందో లేదో చూసుకోండి. చేపలు అప్పటికే పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే చీకటి మొదలెట్టకండి, రెండు రోజులు గాలి ఆడనిచ్చి తర్వాత చూడండి. బాగానే ఉంటే లైటు తీసేసి తొట్టెని నాలుగువైపులా కప్పండి. ధాన్యం కప్పే బరకం ముక్క దీనికి బాగా పనికొస్తుంది, లేదంటే నల్ల దుప్పటి రెండు మడతలు. గది లైటు వేసి తొట్టె దగ్గర నిలబడితే లోపలికి సందు లేకుండా ఉండాలి. పైభాగం మాత్రం బిగించి కట్టకండి, గాలి ఆడేలా కర్రలు అడ్డంపెట్టి వాటిమీద కప్పండి. ఎండాకాలమైతే ఫ్యాను అటువైపు తిప్పి ఉంచండి.

నాలుగు రోజులు మేత లేదు, తీసి చూడటం లేదు. ఎదిగిన చేపలకి నాలుగు రోజుల పస్తు ఏమీ కాదు. ఈమధ్యనే పుట్టిన గప్పీ పిల్లలుంటే వాటిని వేరే గిన్నెలోకి తీసి ఉంచండి. మా బాబు రెండో రోజు బరకం ఎత్తి చూడబోతే ఎయిర్ పంపు బుడగల చప్పుడు విని వెళ్ళిపొమ్మన్నాను. నిజానికి ఆ చప్పుడే కాపలా, అది ఆగితే వెంటనే తెరవాలి.

అయిదో రోజు సాయంత్రం, మసక వెలుతురులో తెరవండి. ఒక్కసారిగా లైటు వేస్తే చేపలు బెదిరి గాజుకి కొట్టుకుంటాయి. నీళ్ళు తేటగా గానీ, బూడిదరంగు మసకగా గానీ ఉంటాయి. ఆ బూడిదరంగు చచ్చిన నాచు. అది కుళ్ళితే ఆక్సిజన్ తింటుంది, అమ్మోనియా వదులుతుంది, కాబట్టి అదే పూట సగం నీళ్ళు మార్చాలి. ఫిల్టరులో స్పాంజి పక్కన పాలిస్టరు దూది కాస్త పెట్టి మర్నాడు తీసి పారేస్తే మిగిలిన మసక కూడా దానిలో పడుతుంది. లైటు మొదటి వారం నాలుగు గంటలే.

మొదటి రెండు వారాల పనులు చెయ్యకుండా నేరుగా చీకటి పెడితే నీళ్ళు తేటపడతాయి, కానీ పది రోజులకి మళ్ళీ పచ్చబడతాయి. ఎరువు అక్కడే ఉంది కదా.

యూవీ లైటు ఫిల్టరు

ఇవన్నీ చేసినా మొండికేస్తే యూవీ స్టెరిలైజరు. నీళ్ళు దానిలోంచి వెళ్తుంటే 254 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం నాచు కణాల్ని పెరగనివ్వకుండా దెబ్బతీస్తుంది. 60 నుంచి 100 లీటర్ల తొట్టెకి 5 నుంచి 9 వాట్లది సరిపోతుంది, వారం లోపల తేడా కనబడుతుంది. నీళ్ళు నెమ్మదిగా పోతేనే పని జరుగుతుంది. స్పాంజిలోని మంచి బాక్టీరియాకి దీనివల్ల నష్టం లేదు. పూర్తిగా మూసి ఉన్న గొట్టం రకమే కొనండి, వెలుగుతున్న బల్బుని కంటితో చూడకూడదు, పిల్లలున్న ఇంట్లో ఇది చాలా ముఖ్యం. బల్బు వెలుగుతూ కనబడినా ఏడాదికి దాని బలం తగ్గిపోతుంది, మార్చుకోవాలి.

నాచుకి పోటీ పెట్టండి

చెరువులో గుర్రపుడెక్క కమ్మేస్తే నీళ్ళు పచ్చబడవు, మీరు కూడా చూసే ఉంటారు. మొక్క ఎరువు లాక్కుంటుంది, నీడ పడుతుంది. తొట్టెకి అంతటిది అక్కర్లేదు. అందరికన్నా తేలికైనది మనీ ప్లాంట్. ఆకులు బయట, వేళ్ళు మాత్రం నీళ్ళలో ఉండేలా రెండు మూడు కొమ్మలు తొట్టె వెనక అంచుకి తగిలించండి. నెల రోజుల్లో వేళ్ళు తెల్లగా గుబురుగా దిగుతాయి, నైట్రేటు లాగుతూ ఉంటాయి. గోల్డ్ ఫిష్ వేళ్ళు కొరికితే దోమతెర గుడ్డ చుట్టండి.

నీళ్ళలో పెంచాలంటే హైడ్రిల్లా, వాలిస్నేరియా త్వరగా పెరుగుతాయి. కాలువలోంచి తెచ్చుకోవచ్చు గానీ పురుగుమందు కలిసే మురుగు కాలువల్లోంచి తేకండి. తెచ్చినదాన్ని లేత గులాబీరంగు పొటాషియం పర్మాంగనేటు నీళ్ళలో పది నిమిషాలు ముంచి, బాగా కడిగి వెయ్యండి, లేకపోతే చేప పేను, నత్తలు వెంట వస్తాయి. అంతర తామర ఒక్క మొక్క వేస్తే నెలకి తొట్టె పైనంతా పరుచుకుంటుంది, సగానికి మించి ఉండనివ్వకండి.

కుడితిలా తెల్లబడితే

కొత్త తొట్టె పెట్టిన మొదటి వారంలోనూ, పాత తొట్టెని మొత్తం కడిగాకా వచ్చేది ఇదే. మంచి బాక్టీరియా ఇంకా కుదురుకోలేదు, మిగిలిన మేత తిని వేరే బాక్టీరియా నీళ్ళలో లేచింది. దీనికి చీకటి పనిచెయ్యదు, యూవీ కొనాల్సిన అవసరం లేదు. మేత మూడు రోజులు ఆపండి, గాలి పెంచండి, రోజు విడిచి రోజు అయిదో వంతు నీళ్ళు మార్చండి. రాళ్ళ వెనక, ఫిల్టరు వెనక చచ్చిన చేపో నత్తో ఉందేమో చెయ్యి పెట్టి వెతకండి, చాలాసార్లు అదే కారణం. తెలిసినవాళ్ళ తొట్టె బాగా నడుస్తుంటే వాళ్ళ పాత స్పాంజి ముక్క అడిగి తెచ్చి, తడి ఆరకుండా మీ ఫిల్టరులో పెట్టండి. ఏ మందుకన్నా అది మేలు. అదీ దొరకకపోతే కొత్త తొట్టె కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అప్పటిదాకా రెండు చేపలకి మించి వెయ్యకండి.

నీళ్ళు తేటపడ్డాక గాజుమీద సన్నటి పచ్చపొర కనబడుతూనే ఉంటుంది. ముందు గాజు వారానికోసారి పాత ఏటీఎం కార్డు అంచుతో గీకెయ్యండి. వెనక గాజుది అలాగే వదిలెయ్యండి. మా మోలీలు మధ్యాహ్నమంతా దాన్నే మేస్తుంటాయి.